గోదావరి డెల్టాలో ఫిజియోథెరపీ: కండరాలు, కీళ్ల బాధలు

కండరాలు, కీళ్లు, వెన్నెముకకు వచ్చే బాధలను వ్యాయామంతో, చేతి ఒడుపుతో, రోజువారీ కదలికలను సరిదిద్దడంతో తగ్గించే వైద్య శాఖ ఫిజియోథెరపీ. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలి సముద్రంలో కలిసేలోపు పరుచుకున్న పల్లపు నేల 2022 ఏప్రిల్ పునర్విభజన తరువాత తూర్పు గోదావరి, కాకినాడ, కోనసీమ, పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల కిందికి వచ్చింది. ఇక్కడ ఈ వైద్యం అవసరం ఎక్కువగా పడేది వ్యవసాయ కూలీలకు, కొబ్బరి కార్మికులకు, నేతగాళ్లకు, బస్తాలు మోసేవారికి, షుగరుతో నడివయసు దాటుతున్నవారికి. మహానగరాల్లో క్రీడాకారుల గాయాలకు, కంప్యూటరు ముందు కూర్చునేవారి మెడనొప్పికి పేరుపడిన చికిత్స, డెల్టాకు వచ్చేసరికి కాయకష్టం చేసే ఒంటికి సంబంధించినదైపోతుంది. నొప్పి ఎక్కడ వచ్చిందన్న దానికంటే ఏ పని చేస్తే వచ్చిందన్న ప్రశ్నే ఇక్కడ ముందు అడగాలి.

పనిని బట్టి నొప్పి

1847–1852 మధ్య ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాక కాలువ నీరు పొలాలకు అందింది. కాలక్రమాన సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) రెండూ వరి పంటలే అయ్యాయి. వరి అంటే ఆకుతీత, ఊడ్పు, కలుపు, కోత. యంత్రాలు వచ్చాక కోత భారం చాలా తగ్గింది గానీ, ఊడ్పుల్లో ఇప్పటికీ ఎక్కువ భాగం ఆడవాళ్ల నడుముల మీదే నడుస్తోంది. మోకాళ్లు దాదాపు నిటారుగా ఉంచి, నడుము దగ్గర పూర్తిగా వంగి, బురదలో వెనక్కి అడుగులేస్తూ గంటల తరబడి చేసే పని అది. మనిషి అలా అడుగంటా వంగినప్పుడు వెన్ను వెంబడి ఉండే కండరాలు ఒక దశలో పని ఆపేస్తాయి. భారమంతా లిగమెంట్ల మీద, డిస్కుల మీద పడుతుంది. ఎక్కువసేపు సాగిన లిగమెంటు వెంటనే బిగువుకు రాదు. అందుకే ఊడ్పు చేస్తున్నంతసేపూ తెలియని నొప్పి, గట్టెక్కి నిటారుగా నిలబడబోయే క్షణంలో పట్టుకుంటుంది. ఆ వెంటనే బరువు ఎత్తడం ప్రమాదకరం. నారు కట్టలు మోయడం, వంగి ఊడ్చడం ఒకరే వెంటవెంటనే చేయకుండా పని పంచుకుంటే నడుముకు కొంత మేలు. నేరుగా విత్తనం వెదజల్లే పద్ధతి, డ్రమ్ సీడరు పెరిగిన ఊళ్లలో ఈ వంగుడు కొంత తగ్గింది. కానీ దాంతో పాటు ఊడ్పు కూలీ కూడా తగ్గుతుంది కాబట్టి దాన్ని ఆరోగ్య లాభంగా మాత్రమే లెక్కేయలేం.

కోనసీమ కొబ్బరి తోటల్లో దింపు కార్మికుడి కష్టం వేరు, ఒలుపు కార్మికుడి కష్టం వేరు. చెట్టెక్కేవాడికి తొడలు, పిక్కలు, భుజాలు అరుగుతాయి. కాలు జారితే వెన్నుపూస విరగడం, కాళ్లు చచ్చుబడటం దాకా పోవచ్చు. అప్పుడు కావలసింది నెలల తరబడి సాగే పునరావాసం. నేలలో పాతిన ఇనుప మొన మీద కాయను గుచ్చి మెలితిప్పే ఒలుపు కార్మికుడికి మణికట్టు, మోచేయి, భుజం ముందు దెబ్బతింటాయి. ఒక్క కాయకు పట్టే బలం పెద్దది కాదు, రోజంతా అదే మెలిక తిరిగి రావడమే సమస్య.

రైస్ మిల్లుల దగ్గర జట్టు కూలీలు ఎత్తే ధాన్యం బస్తా ఈ ప్రాంతపు లెక్కలో 75 కిలోలు. వయోజన పురుషుడు ఒంటరిగా మోసే బరువు 55 కిలోలు మించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. మన బస్తా ఆ హద్దును 20 కిలోలు దాటింది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఉప్పాడ జమ్దానీ మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని, ముందుకు వంగి, సన్నని నూలును వేళ్లతో తిప్పుతారు. మెడ, నడుము, కళ్లు మూడూ ఒకేసారి అలుస్తాయి. నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ల క్రోషే లేసు పని ఇంట్లో కూర్చుని చేసేదే కాబట్టి తేలికనుకుంటారు. సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ఆ లేసు కార్మికుల మీద రాసిన పుస్తకం, ఇంటి పనుల మధ్య దాగిపోయిన ఆ శ్రమను ప్రపంచానికి చూపింది. బొటనవేలి మొదట్లో నొప్పి, వేలు ముడుచుకుని టక్కుమని విడవడం, రాత్రిళ్లు అరచేయి తిమ్మిరెక్కడం వంటి బాధలు గంటల తరబడి వేళ్లతో చేసే ఇలాంటి పనుల్లో ఎదురవుతాయి. భీమవరం చుట్టూ రొయ్యల షెడ్లలో తడిలో, చలిలో నిలబడి పనిచేసేవారి చేతులు, కడియం నర్సరీల్లో గొంతుక్కూర్చుని అంట్లు కట్టేవారి మోకాళ్లు కూడా ఈ పట్టికలోకే వస్తాయి.

వీళ్లలో ఎవరికైనా పని మానేయండని చెప్పడం వైద్యం కాదు. ఊడ్పులు ఉండేదే కొద్ది వారాలు, ఆ కూలీ డబ్బులే ఇంటికి ఆధారం. అరగంటకోసారి లేచి, చేతులు నడుముకు ఆనించి నాలుగైదుసార్లు వెనక్కి వాలడం, వంగే పనీ నడిచే పనీ మార్చిమార్చి చేయడం, సీజనుకు రెండు నెలల ముందే నడుము, తొడల బలం పెంచే వ్యాయామాలు మొదలుపెట్టడం వంటివి ఆచరణలో సాధ్యం.

కాపడం, కట్టు, బామ్

ఆసుపత్రికి రాకముందు ప్రతి ఇంటికీ ఒక వైద్యం ఉంటుంది. ఉప్పు మూటో ఇసుక మూటో పెనం మీద వేడిచేసి కాపడం పెట్టడం, వావిలాకు మరిగించిన నీళ్లు పోసుకోవడం, నువ్వుల నూనెతో మర్దన. బిగుసుకున్న కండరానికి వేడి నిజంగానే హాయినిస్తుంది, ఆ తరువాత చేసే వ్యాయామం సులువవుతుంది. అయితే అప్పుడే బెణికి వాచిన చోట వేడి పెడితే వాపు పెరుగుతుంది. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి కాపడం ఒళ్లు కాల్చే దాకా తెలియదు.

కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం ప్రతి తెలుగింటి గూట్లోనూ ఉంటుంది. ఈ రకం బామ్‌లలోని మెంథాల్, కర్పూరం, మిథైల్ శాలిసిలేట్ వంటివి చర్మంలో చల్లదనాన్నో వేడినో పుట్టించి నొప్పి మీద ధ్యాస మళ్లిస్తాయి. హాని తక్కువ, ఖర్చూ తక్కువ. కీలు లోపల జరిగేదాన్ని మాత్రం అవి మార్చలేవు.

ఎముక విరిగితే కట్టు కట్టించుకోవడం రాష్ట్రమంతటా ఉన్న అలవాటు. చిత్తూరు సీమలోని పుత్తూరు పేరే దానికి మారుపేరైంది. అనుభవజ్ఞుల చేతిలో చిన్న విరుపులు అతికే మాట నిజమే. బిగుతు కట్టు వల్ల రక్తప్రసరణ ఆగి చెయ్యి చచ్చుబడిన సందర్భాలూ నిజమే. కట్టు కంటే ఎక్కువ హాని చేసేది దెబ్బ తగిలిన మోచేతిని గట్టిగా రుద్దడం. అలా రుద్దితే గాయపడిన కండరంలో ఎముక పెరిగి, కీలు శాశ్వతంగా బిగుసుకుపోవచ్చు. పిల్లవాడు చెట్టు మీంచి పడి మోచేయి వాచినప్పుడు మర్దన జోలికి పోకుండా ఎక్స్‌రే తీయించడమే సరైన దారి.

నడుము నొప్పి

ప్రపంచంలో మనుషుల్ని అశక్తుల్ని చేసే బాధల్లో మొదటి స్థానం దీనిదే. 2020లో 61.9 కోట్ల మందికి నడుము నొప్పి ఉందని అంచనా. డెల్టాలో దీన్ని నడుము పట్టేసిందని, డిస్కు జరిగిందని, నరం నొక్కుకుందని చెప్పుకుంటారు. ఎంఆర్ఐ కాగితంలో డిస్కు ఉబ్బిందని కనబడగానే ఇక బరువు ఎత్తకూడదని, వంగకూడదని జీవితాంతపు నిషేధం పెట్టుకునేవారు చాలామంది. ఏ నొప్పీ లేనివారికి తీసిన స్కానింగులను కలిపి 2015లో ప్రచురించిన విశ్లేషణలో, 20 ఏళ్ల వయసువారిలోనే నూటికి 30 మందికి, 80 ఏళ్ల వయసువారిలో 84 మందికి డిస్కు ఉబ్బు ఉన్నట్టు తేలింది. అంటే స్కానింగులో కనిపించే మార్పుల్లో చాలా భాగం తల నెరవడం లాంటివే. బొమ్మకూ బాధకూ పొత్తు కుదిరిందో లేదో పరీక్ష చేసి చూశాకే తేల్చాలి.

కొత్తగా వచ్చిన నడుము నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. కాలిలోకి పాకే నొప్పి కూడా ఎక్కువ మందిలో ఆపరేషన్ లేకుండానే 6 నుంచి 12 వారాల్లో కుదురుకుంటుంది. మంచం పట్టి పడుకోవడం దాన్ని పొడిగిస్తుంది. ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఆపైన నడక, ఆపైన క్రమంగా పని, అదీ వరస.

న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకెంజీ దగ్గర 1956లో ఒక రోగి, బల్ల తల భాగం పైకెత్తి ఉన్నది గమనించక బోర్లా పడుకుని, నడుము వెనక్కి వంగిన స్థితిలో కాసేపు ఉండిపోయాడు. లేచేసరికి కాలి నొప్పి తగ్గింది. ఆ యాదృచ్ఛిక సంఘటన నుంచి ఏ దిక్కుకు కదిలితే నొప్పి కాలి నుంచి నడుములోకి వెనక్కి తగ్గుతుందో చూసి వ్యాయామం ఎంచే పద్ధతి పుట్టింది. రోజంతా ముందుకే వంగే కూలీల్లో కొందరికి వెనక్కి వాలే వ్యాయామం బాగా పనిచేస్తుంది. ఊడ్పుల మధ్య గట్టు మీద నిలబడి నడుము వెనక్కి విరుచుకునే ఆడవాళ్లకు ఈ సంగతి ఎవరూ నేర్పలేదు. వయసు మీరి వెన్నుపూసల మధ్య నరాల దారి ఇరుకైనవారికి మాత్రం ఇది పడదు, వాళ్లకు ముందుకు వంగితేనే ఉపశమనం. అందుకే పక్కింటివాళ్లకు తగ్గిన వ్యాయామం మనకూ తగ్గిస్తుందని ఆశించడానికి లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పికి తొలిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. వ్యాయామం, అవగాహన కల్పించడం ముందుకు తెచ్చింది. నడుము బెల్టు, ట్రాక్షన్ (నడుమును లాగి పట్టడం), అల్ట్రాసౌండ్, టెన్స్ యంత్రంతో పెట్టే కరెంటు వద్దంది. మన ఊళ్లలో నడుము నొప్పికి మొదట చేతికొచ్చేవి సరిగ్గా అవే.

మూత్రం, మలం మీద అదుపు తప్పడం, కూర్చునే చోట స్పర్శ పోవడం, పాదం ఎత్తలేక ఈడ్చడం, జ్వరంతో పాటు నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా వదలని రాత్రి నొప్పి – వీటిలో ఏదున్నా ఫిజియోథెరపీ బల్ల ఎక్కకుండా వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. మన దేశంలో వెన్నెముక క్షయ ఇంకా ఉంది, అది మామూలు నడుము నొప్పిలాగే మొదలవుతుంది.

మోకాళ్లు

మోకాళ్లలో గుజ్జు అయిపోయిందన్న మాట డెల్టాలో వినని ఇల్లుండదు. ఆ మాట వెనక ఒక భయముంది. మిగిలిన గుజ్జయినా దాచుకోవాలంటే నడక తగ్గించాలన్న భయం. కీలు పనిచేసే తీరు దీనికి తలకిందులు. మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు. కీలు ద్రవమే దానికి ఆహారం, ఆ ద్రవం లోపలికి ఇంకాలంటే కీలు మీద భారం పడుతూ తొలగుతూ ఉండాలి. కూర్చుంటే కండరం సన్నబడుతుంది, కండరం సన్నబడితే అదే భారం కీలు మీదికి చేరుతుంది.

చికిత్సలో మొదటి మెట్టు తొడ ముందు కండరాల, పిరుదుల బలం. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి కాలు చాపి బిగించడం, కాలు నిటారుగా ఎత్తడం, తరువాత కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం, చివరికి మెట్లు. వారానికి రెండు మూడుసార్లు చొప్పున 8 నుంచి 12 వారాలు చేస్తే గానీ ఫలితం తెలియదు, చాలామంది రెండో వారంలోనే మానేస్తారు. చేస్తున్నప్పుడు కొంచెం నొప్పి రావచ్చు. మరునాటికి అది మామూలు స్థాయికి దిగితే ఆ మోతాదు సరిపోయినట్టే. 2013లో డెన్మార్క్‌లో మొదలై పలు దేశాలకు పాకిన మోకాళ్ల వ్యాయామ కార్యక్రమం కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. బరువు సంగతి కూడా తేల్చి చెప్పాలి. ఒంట్లో ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో ఒక అమెరికన్ అధ్యయనం కొలిచింది.

గుజ్జు ఎక్కిస్తామనే ఇంజెక్షన్లకు పట్టణాల్లో గిరాకీ ఉంది. వాటిని మామూలుగా వాడొద్దని అమెరికా ఎముకల శస్త్రవైద్యుల సంఘం 2021లో చెప్పింది. ఆర్ఎంపీ దగ్గర వేయించుకునే నొప్పి సూదులు, ఏళ్ల తరబడి మింగే మాత్రలు కడుపులో పుండుకు, కిడ్నీల దెబ్బకు దారితీయవచ్చు. కీలు పూర్తిగా అరిగి రాత్రి నిద్ర కూడా పట్టనివారికి మార్పిడి శస్త్రచికిత్స మంచిదే. ఆపరేషన్ తరువాతి ఆరు వారాల్లో మోకాలు ఎంత వంగుతుందన్నది చాలావరకు వ్యాయామాన్ని బట్టి ఉంటుంది.

భుజం పట్టేయడం

జడ వేసుకోలేకపోవడం, వెనక జేబులోంచి పర్సు తీయలేకపోవడం, ఆర్టీసీ బస్సులో పై రాడ్డు పట్టుకోలేకపోవడం దీని మొదటి గుర్తులు. కీలు చుట్టూ ఉండే పొర వాచి, ముడుచుకుని, గట్టిపడుతుంది. ముందు నొప్పి దశ, తరువాత బిగుతు దశ, ఆపైన మెల్లగా విడిచే దశ. మొత్తం ఒకటి నుంచి మూడేళ్లు పట్టవచ్చు.

ఇది షుగరుతో చేతులు కలిపి నడుస్తుంది. సాధారణ జనంలో నూటికి 2 నుంచి 5 మందికి వచ్చే ఈ బాధ, షుగరు ఉన్నవారిలో 10 నుంచి 20 మందికి వస్తుంది. ఉభయ గోదావరి జిల్లాల్లోని 20 గ్రామాల్లో 30 ఏళ్లు దాటినవారిని పరీక్షించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి 13 మందికి షుగరు ఉన్నట్టు తేలింది. వారిలో దాదాపు సగం మందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. అందుచేత భుజం పట్టేసిందని వచ్చినవారికి రక్తపరీక్ష రాయడం ఇక్కడ మంచి అలవాటు.

నొప్పి దశలో బలవంతంగా చెయ్యి లేపితే మేలు కంటే కీడే ఎక్కువ. ముందుకు వంగి చేతిని ఊయలలా వదిలి ఊపడం, నొప్పి పెరగని మేర కదపడం చాలు. బిగుతు దశలో వేళ్లతో గోడ పాకడం, కర్ర సాయంతో చెయ్యి బయటికి తిప్పడం, చికిత్సకుడు కీలును చేత్తో సడలించడం. కొత్తలో కీలులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఉపయోగపడుతుంది గానీ, షుగరు కొన్నాళ్లు పెరుగుతుందని ముందే చెప్పాలి.

మోచేయి, మడమ, చీలమండ

మోచేయి బయటి వైపు నొప్పికి టెన్నిస్ ఎల్బో అని పేరు, డెల్టాలో టెన్నిస్ ఆడి తెచ్చుకున్నవారు అరుదు. స్టెరాయిడ్ సూది ఆరు వారాలు అద్భుతంగా పనిచేసి, ఏడాది తిరిగేసరికి సూది వేయించుకోనివారి కంటే అధ్వాన్నంగా మిగులుస్తుందని పరీక్షల్లో తేలింది. చిన్న బరువు పట్టుకుని మణికట్టును మెల్లగా కిందికి దించే వ్యాయామమే నెమ్మదైన, నిలిచే దారి. పొద్దున్నే మొదటి అడుగుకు పొడిచే మడమ నొప్పికి పిక్క సాగదీయడం, వేళ్ల కింద తువ్వాలు చుట్ట పెట్టి మడమ ఎత్తి దించడం. వానాకాలం గట్ల మీద కాలు జారి బెణికితే రెండు మూడు రోజులు వాపు తగ్గించి, తరువాత ఒంటికాలి మీద నిలబడే సాధన తప్పక చేయాలి. అది చేయని చీలమండ మళ్లీ మళ్లీ అక్కడే మడతపడుతుంది.

దోమలు మిగిల్చిన కీళ్ల నొప్పులు

కాలువలు, మురుగు, వాన ఉన్నచోట దోమ ఉంటుంది. 2005–06లో ఆంధ్రప్రదేశ్‌ను చుట్టేసిన చికున్‌గున్యా జ్వరం వారంలో తగ్గినా, మణికట్లు, వేళ్లు, చీలమండల నొప్పి కొందరిని నెలల తరబడి వదల్లేదు. అలాంటి కీళ్లను గోరువెచ్చని నీటిలో కదిపించడం, బిగుసుకోనివ్వకపోవడం, వాపు తగ్గాక బలం పెంచడం పద్ధతి. బోదకాలు కీళ్ల జబ్బు కాదు, అయినా గోదావరి జిల్లాల్లో ఫిజియోథెరపీ గురించి రాస్తూ దాన్ని వదిలేయడం కుదరదు. ఏటా డీఈసీ మాత్రల పంపిణీ కొత్త కేసుల్ని ఆపడానికి పనికొస్తుంది. ఇప్పటికే వాచిన కాలికి రోజూ సబ్బుతో కడిగి పొడిగా తుడవడం, ఎత్తున పెట్టుకోవడం, పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం అవసరం. పిక్క కండరం కదిలినప్పుడే అక్కడి ద్రవం పైకి కదులుతుంది.

కరెంటు పెట్టించుకోవడం

రోగులు ఫిజియోథెరపీకి వెళ్లామని చెప్పరు, కరెంటు పెట్టించుకున్నామంటారు. టెన్స్, ఐఎఫ్‌టీ యంత్రాల సన్నని విద్యుత్తు నరాల్లో నొప్పి సంకేతాలను కాసేపు అడ్డుకుంటుంది. దీని వెనకున్న సిద్ధాంతాన్ని పరిశోధకులు మెల్జాక్, వాల్ 1965లో ప్రతిపాదించారు. మైనం కాపడం బిగుసుకున్న వేళ్లకు సుఖంగా ఉంటుంది. షార్ట్‌వేవ్ డయాథర్మీ లోతుకు వేడినిస్తుంది, పేస్‌మేకరు ఉన్నవారికీ గర్భిణులకూ పెట్టకూడదు. ఇవన్నీ వ్యాయామానికి దారి సుగమం చేసే సాయాలు మాత్రమే. పది రోజులు యంత్రం కింద పడుకోబెట్టి, ఒక్క వ్యాయామం కూడా నేర్పకుండా పంపితే రోగి డబ్బూ ఆశా రెండూ వృథా అయినట్టే. అయితే తప్పంతా చికిత్సకుడిదే అనలేం. యంత్రం పెట్టకపోతే ఏమీ చేయలేదని రోగులే వేరేచోటికి పోతారు.

చదువు, చట్టం, అందుబాటు

ఈ వృత్తికి మూలం 1894లో లండన్‌లో నలుగురు నర్సులు పెట్టుకున్న మర్దన శిక్షితుల సంఘం. మొదటి ప్రపంచ యుద్ధపు క్షతగాత్రులు, ఆ తరువాత పోలియో దీన్ని వైద్యశాఖగా నిలబెట్టాయి. భారతదేశంలో తొలి శిక్షణ 1950ల మొదట్లో బొంబాయిలో మొదలైంది, 1955లో జాతీయ సంఘం ఏర్పడింది. డెల్టాలో వైద్య విద్యకు కాకినాడ రంగరాయ వైద్య కళాశాల 1958 నుంచి ఉంది. రాజానగరంలోని జీఎస్ఎల్ ప్రాంగణంలో ఫిజియోథెరపీ చదువు ఉంది. రాజమహేంద్రవరం, ఏలూరు ప్రభుత్వ వైద్య కళాశాలలు 2023లో ప్రారంభమయ్యాయి. 2021 నాటి జాతీయ అనుబంధ వైద్య వృత్తుల చట్టం కిందికి ఫిజియోథెరపీ వచ్చింది. చట్టం ఉన్నా, బోర్డు మీద పేరు చూసి అర్హత కనిపెట్టడం సామాన్యుడికి కష్టమే. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) పట్టా ఉందా అని నేరుగా అడగడంలో మొహమాటపడనక్కర్లేదు.

చలన వైకల్యం ఉన్న పిల్లలకు మండల కేంద్రాల్లోని భవిత కేంద్రాల్లో ఫిజియోథెరపీ శిబిరాలు ఉంటాయి. పెద్దవాళ్లకు పట్టణమే గతి. లంక గ్రామాలవారు పంటు దాటి రావాలి. గోదావరి పొంగే జులై నుంచి సెప్టెంబరు దాకా, సరిగ్గా సార్వా పనులు ముమ్మరంగా ఉన్నప్పుడే, ఆ దారి మూసుకుపోతుంది. అందుకని లంకల నుంచి వచ్చేవారికి మొదటి రోజే ఇంట్లో దొరికే సామానుతో చేసే వ్యాయామాలు నేర్పి, బొమ్మలతో కాగితం ఇచ్చి పంపడం మేలు: తువ్వాలు, కుర్చీ, రెండు కిలోల ఇసుక నింపిన సంచి. వరద రోజుల్లో చేసే తీరును ఫోన్ వీడియోలో చూసి సరిదిద్దవచ్చు. కండరాల బలం, నరాల ప్రతిస్పందన వంటివి చేత్తో తాకి చూడాల్సినవి కాబట్టి, ఆ పరీక్షలు నీరు తీశాకే.